యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) ప్రముఖ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరములో జన్మించి, జీవితములో రెండవ సగము అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పరిశోధనలో గడిపాడు. రక్తము, మూత్రము, కండరముల వంటి పదార్థాలలో భాస్వరమును కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, కండరాలలోని ఫాస్ఫోక్రియేటిన్, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థాల ఆవిష్కరణ, ఫోలిక్ ఆమ్లము తయారీ, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్, కాన్సరు చికిత్సకు మార్గము తెరచిన ఫోలిక్ ఆమ్ల విరోధులు ఈయన పరిశోధనలలో ముఖ్యమైనవి. ఇన్ని పనులు చేసినప్పటికీ జీవించి ఉండగా ఈయన పేరు సామాన్యులకు తెలియలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యము వలన ఆయన ముందుగానే ఉద్యోగ విరమణ చేయడముతో కుటుంబము ఇబ్బందులలో పడింది. సుబ్బారావు చదువు రాజమండ్రిలో మొదలైంది. పదమూడేళ్ళ వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించవచ్చునన్న తలంపుతో ఇంటి నుండి పారిపోయాడు. పెద్దలు వెదకి వెనుకకు తీసుకొని వచ్చారు. తండ్రి మరణించిన తరువాత తల్లి వెంకమ్మ తన నగలు అమ్మి కొడుకును చదివించింది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు సార్లు తప్పి, మూడవ సారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులలో ఆయన మనసు రామకృష్ణ మఠము వైపు మళ్ళింది. సన్యసించుటకు తల్లి అంగీకరించలేదు. వైద్యము నేర్చుకొని రోగులకు సేవ చేయమని మఠము వారు సలహా ఇచ్చారు. ఆ విధముగా మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళుట ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. ఇతర విషయాలలో బాగా రాణించినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. దీని వలన మద్రాసు వైద్య సేవలలో ఉద్యోగము దొరకలేదు.

ఈ కాలములోనే ఆయన జీవితమును మార్చిన విషాదము జరిగింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి ఇద్దరూ ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో మరణించారు. చిన్న ప్రేవులు ఆహారములోని పోషకాలను గ్రహించలేక, విరేచనాలతోను రక్తహీనతతోను మనిషి క్షీణించిపోయే జబ్బు ఇది. అప్పటి వైద్యానికి దీని కారణము గాని మందు గాని తెలియదు. ఈ వ్యాధికి విరుగుడు కనుగొనవలెనన్న పట్టుదల సుబ్బారావులో ఆనాడే కలిగింది.

1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహము జరిగింది. కొంతకాలము మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించాడు. ఉష్ణమండల వ్యాధుల అధ్యయనమునకు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో అవకాశము దొరకగా, మామగారి సహాయముతోను, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయముతోను ప్రయాణమయ్యాడు. 1923 అక్టోబరు 26న బోస్టన్ నగరము చేరాడు. అప్పటికి భార్య గర్భవతి. తరువాత పుట్టిన కుమారుడు ఏడాది నిండకుండానే మరణించాడు. ఆ బిడ్డను సుబ్బారావు చూడనేలేదు. మళ్ళీ భారతదేశమునకు తిరిగి రాలేదు, భార్యను కూడా తిరిగి కలుసుకోలేదు.

హార్వర్డులో తొలి రోజులు

ఈయనకున్న వైద్య పట్టాతో అమెరికాలో వైద్యుడిగా పనిచేయుటకు వీలు లేదు. అందుచేత బోస్టన్‌లోని ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేస్తూ, పగలు చదువు సాగించాడు. 1924లో ఉష్ణమండల వైద్యములో డిప్లొమా పొంది, జీవరసాయన శాస్త్ర విభాగములో చేరాడు. ఆ విభాగానికి అధిపతి ఒట్టో ఫోలిన్. రక్తములోని చక్కెర, యూరియా, క్రియేటినిన్ వంటి పదార్థాలను రంగుల సహాయముతో కొలిచే పద్ధతులను ప్రపంచానికి అందించిన వారిలో ఫోలిన్ ప్రముఖుడు. అక్కడ సైరస్ ఫిస్కే వద్ద సుబ్బారావుకు పని అప్పగించారు. శరీర ద్రవాలలో భాస్వరమును కొలిచే మంచి పద్ధతిని రూపొందించుట ఆ పని.

ఫిస్కే-సుబ్బారావు పద్ధతి

ఎముకలు, కండరాలు, మూత్రపిండాలకు సంబంధించిన అనేక వ్యాధులలో రక్తములోని ఫాస్ఫేట్ పరిమాణము మారుతుంది. అది ఎంత ఉన్నదో తెలిస్తే వ్యాధి నిర్ణయము సులభము. కాని రక్తములో ఫాస్ఫేట్ చాలా స్వల్పముగా ఉంటుంది. తూచి కొలవవలెనంటే రక్తము ఎక్కువ కావాలి, సమయము ఎక్కువ పడుతుంది. 1920లో బెల్, డోయిసీ అను శాస్త్రజ్ఞులు రంగు ద్వారా కొలిచే పద్ధతిని చూపారు. అయితే అందులో రంగు నిలకడగా ఉండేది కాదు. తరువాత జరిగిన సవరణలలో కూడా రంగు మెల్లగా వచ్చుట, ఇతర పదార్థాలు అడ్డు తగులుట వంటి లోపాలు మిగిలాయి.

ఫిస్కే, సుబ్బారావుల పద్ధతి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ పత్రికలో వెలువడింది. దీనిలోని ముఖ్య దశలు ఇవి.

మొదట రక్తమునకు ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లము కలిపితే మాంసకృత్తులు విరిగి అడుగున చేరతాయి. వాటిని వడపోసి తీసివేస్తారు. స్వచ్ఛమైన ద్రావణానికి గంధకికామ్లము, అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ద్రావణములో ఉన్న ఫాస్ఫేట్ మాలిబ్డేటుతో కలిసి ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లముగా మారుతుంది. తరువాత అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లము అను క్షయకరణిని సల్ఫైటుతో కలిపి చేరుస్తారు. ఇది ఫాస్ఫేటుతో కూడిన మాలిబ్డినమును మాత్రమే క్షయకరించి నీలి రంగును పుట్టిస్తుంది. ఫాస్ఫేటుతో చేరని మాలిబ్డేట్ రంగు మారకుండా అట్లే ఉండిపోతుంది. ఈ విధముగా నీలిరంగు ఎంత గాఢముగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ ఉన్నట్లు. పరిమాణము తెలిసిన ప్రామాణిక ద్రావణముతో పోల్చి చూస్తే లెక్క తేలుతుంది.

ఆ రోజులలో పోల్చుటకు రెండు గాజు గొట్టాల ద్రావణాలను ఒకే కంటితో చూసే డుబాస్క్ కలరీమీటరు వాడేవారు. తరువాత కాంతివిద్యుత్ ఘటములు వచ్చి కంటి స్థానమును తీసుకొన్నాయి. కొలిచే సాధనము మారినా రసాయన చర్య మారలేదు. కొద్ది నిమిషాలలో రంగు రావడము, కొద్ది రక్తముతోనే పని జరగడము వలన ఈ పద్ధతి ఆసుపత్రులకు, పరిశోధనాలయాలకు త్వరగా వ్యాపించింది. అనేక తరాల జీవరసాయన విద్యార్థులు ప్రయోగ తరగతులలో దీనిని నేర్చుకున్నారు.

ఆలస్యముగా వచ్చిన నీలిరంగు

ఈ పద్ధతిని కండరాల సారముపై ప్రయోగించినప్పుడు ఒక విచిత్రము కనిపించింది. ప్రామాణిక ద్రావణములో నీలిరంగు త్వరగా వచ్చి స్థిరపడేది. కండరాల సారములో రంగు మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. దీనిని ప్రయోగములోని పొరపాటుగా భావించి విడిచిపెట్టి ఉండవచ్చును. వారిద్దరూ దాని కారణమును వెదికారు. ఫాస్ఫేటులో కొంత భాగము కండరములో మరొక పదార్థముతో కలిసి ఉన్నదని, మాలిబ్డేట్ ఉన్న ఆమ్ల ద్రావణములో అది నెమ్మదిగా విడిపోయి బయటికి వస్తున్నదని, అందుకే రంగు ఆలస్యమగుచున్నదని గ్రహించారు. ఆ రెండవ పదార్థము క్రియేటిన్. ఈ విధముగా 1927లో ఫాస్ఫోక్రియేటిన్ బయటపడింది. ఇంగ్లండులో ఫిలిప్ ఎగల్టన్, గ్రేస్ ఎగల్టన్ దంపతులు కూడా అదే కాలములో ఇదే పదార్థమును గుర్తించి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు.

దీని ప్రాముఖ్యము చాలా పెద్దది. కండరము సంకోచించుటకు శక్తి లాక్టిక్ ఆమ్లము వలన వస్తుందని అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకము. కండరాలపై చేసిన పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. కండరము పనిచేసినప్పుడు ఫాస్ఫోక్రియేటిన్ తరుగుతుందని, విశ్రాంతిలో తిరిగి చేరుతుందని తెలియడముతో ఆ నమ్మకము సడలింది. లాక్టిక్ ఆమ్లము పుట్టకుండానే కండరము సంకోచించగలదని 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ నిరూపించాడు.

1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరాల నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేసి ప్రకటించారు. దీనినే క్లుప్తముగా ఏ.టి.పి. అంటారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరములో, వీరికంటే కొద్ది వారాల ముందు, దీనిని స్వతంత్రముగా ప్రకటించాడు. కాబట్టి ఈ ఆవిష్కరణ ఘనత ఇరు పక్షాలకు చెందుతుంది. సూక్ష్మజీవి మొదలు మానవుని వరకు జీవకణాలన్నింటిలో శక్తిని మోసే పదార్థము ఇదేనని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1930లో సుబ్బారావు పిహెచ్.డి. పట్టా పొందాడు.

ఇంత జరిగినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. చిన్న పదవిలోనే 1940 వరకు పనిచేశాడు. పరిశోధన ఫలితాలు కొన్ని ప్రచురణకు నోచుకోలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఆయన పని వెలుగు చూడకుండుటకు ఫిస్కే కారణమని, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలములో పేర్కొన్నాడు.

లెడర్లీ ప్రయోగశాల, ఫోలిక్ ఆమ్లము

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందిన సంస్థ. 1942లో పరిశోధన విభాగానికి సంచాలకుడయ్యాడు. సోదరులను పొట్టన పెట్టుకొన్న స్ప్రూ వ్యాధి ఆయన మనసులో అప్పటికీ ఉన్నది.

కాలేయపు సారము కొన్ని రకాల రక్తహీనతలను నయము చేస్తుందని అప్పటికి తెలుసు. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతపై పరిశోధించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారముతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించింది. అందులోని పదార్థమేమిటో తెలియలేదు. 1941లో మిచెల్, స్నెల్, విలియమ్స్ పాలకూర ఆకుల నుండి ఒక పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థము గల లాటిన్ పదము నుండి ఫోలిక్ ఆమ్లము అని పేరు పెట్టారు.

ఆ పదార్థము ప్రకృతిలో అతి స్వల్పముగా ఉండుట వలన రసాయన పద్ధతులతో కొలుచుట అసాధ్యముగా ఉండేది. అందుచేత లాక్టోబాసిల్లస్ కేసీ అను సూక్ష్మజీవిని కొలమానముగా వాడారు. ఫోలిక్ ఆమ్లము లేనిదే ఈ సూక్ష్మజీవి పెరగదు. పోషక ద్రవములో అది ఎంత పెరిగిందో చూసి ఫోలిక్ ఆమ్లము ఎంత ఉన్నదో లెక్కకట్టేవారు. ఈ కొలత ఆధారముగా టన్నుల కొద్దీ కాలేయము నుండి సారమును దశలవారీగా శుద్ధి చేశారు. 1945లో సుబ్బారావు బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసింది. 1946లో సైన్స్ పత్రికలో వచ్చిన నిర్మాణ, సంశ్లేషణ వ్యాసములో పదహారు మంది పేర్లలో సుబ్బారావు పేరు ఒకటి. టెరిడిన్, పారా అమైనో బెంజోయిక్ ఆమ్లము, గ్లుటామిక్ ఆమ్లము అను మూడు భాగాలు కలిసినదే ఈ విటమిను.

ఆ కొత్త మందు ఉష్ణమండల స్ప్రూ రోగులలోని రక్తహీనతను తగ్గించింది. సోదరులు మరణించిన పాతిక సంవత్సరాల తరువాత సుబ్బారావు తాను వెదకిన మందును చేతిలోకి తీసుకోగలిగాడు.

కాన్సరుకు మందు

ఫోలిక్ ఆమ్లము కణ విభజనకు అవసరము. ల్యుకేమియా వ్యాధిలో తెల్ల రక్తకణాలు అదుపు లేకుండా విభజన చెందుతాయి. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చినప్పుడు వ్యాధి మరింత వేగముగా పెరిగినట్లు కనిపించింది. దీని నుండి ఫోలిక్ ఆమ్లమునకు విరోధి అయిన పదార్థమును ఇస్తే వ్యాధి తగ్గవచ్చునన్న ఆలోచన పుట్టింది. ఫోలిక్ ఆమ్లమును పోలి ఉండి, కణమును మోసగించి, దాని పనిని అడ్డుకొనే పదార్థాలను సుబ్బారావు బృందము తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ముఖ్యమైనది. ఫార్బర్ 1948లో ప్రకటించిన నివేదిక ప్రకారము పదహారు మంది పిల్లలలో పది మందికి తాత్కాలికముగా వ్యాధి తగ్గింది. అంతకు ముందు ఏ మందూ ఆ పని చేయలేకపోయింది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సరు చికిత్సలోను, తక్కువ మోతాదులో కీళ్ళవాతము, సోరియాసిస్ వ్యాధులకు వాడుకలో ఉన్నది.

బోదకాలు మందు, ఆరియోమైసిన్

రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ ద్వీపాలలో పనిచేసిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు కోసము సాగిన పరిశోధనలో లెడర్లీ ప్రయోగశాల నుండి 1947లో డైఇథైల్ కార్బమజైన్ వెలువడింది. హెట్రజాన్ అను పేరుతో ఇది ప్రసిద్ధి. దోమల ద్వారా వ్యాపించే ఈ జబ్బునే తెలుగువారు బోదకాలు అంటారు. భారత ప్రభుత్వము 2004లో చేపట్టిన సామూహిక మందుల పంపిణీ కార్యక్రమములో ఇంటింటికీ ఇచ్చిన మాత్రలు ఈ మందువే.

టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను సుబ్బారావు కనుగొన్నాడని కొన్ని చోట్ల వ్రాస్తుంటారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలము నుండి వచ్చిన మట్టిలో దానిని గుర్తించినవాడు వృక్ష శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధన సుబ్బారావు సంచాలకత్వములోని ప్రయోగశాలలో జరిగింది. 1948లో ఆ మందు ప్రపంచానికి వెల్లడైంది.

మరణము, గుర్తింపు

1948 ఆగష్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి వయసు 53 సంవత్సరాలు. భారతీయులకు అమెరికా పౌరసత్వమును నిరాకరించిన చట్టము 1946 వరకు అమలులో ఉన్నది. ఆ తరువాత కూడా ఆయన పౌరసత్వము పొందకుండానే కన్నుమూశాడు. పేటెంట్ల ద్వారా సొంత ఆస్తి కూడబెట్టలేదు, తన పేరును ముందుకు నెట్టుకోలేదు. 1950లో డోరన్ ఆంట్రిమ్ అను అమెరికా రచయిత వ్రాసిన వ్యాసము వలన సామాన్య పాఠకులకు ఈయన పేరు తెలిసింది. ఒక శిలీంధ్రమునకు ఈయన గౌరవార్థము సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భముగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది.

రంగు నుండి వెలుగు వరకు

సుబ్బారావు కాలములో కొలతకు ఆధారము ద్రావణపు రంగు. తరువాతి తరము ద్రావణము నుండి పుట్టే వెలుగును కొలుచుట నేర్చింది. ఈ మార్పులో కూడా ఆయన పరిశోధించిన పదార్థాలు కనిపిస్తాయి. మిణుగురు పురుగు వెలుగుకు ఏ.టి.పి. అవసరమని 1947లో విలియం మెక్‌ఎల్రాయ్ చూపాడు. మిణుగురు నుండి తీసిన లూసిఫెరేజ్ ఎంజైమును వాడి, వెలువడే కాంతిని బట్టి ఏ.టి.పి. పరిమాణమును లెక్కించవచ్చు. ఆహార పరిశ్రమలలోను ఆసుపత్రులలోను పరిశుభ్రతను పరీక్షించుటకు ఈ పద్ధతిని వాడుతున్నారు. సూక్ష్మజీవులు గాని ఆహారపు మరకలు గాని మిగిలి ఉంటే వాటిలోని ఏ.టి.పి. వెలుగుగా బయటపడుతుంది.

ఫోలిక్ ఆమ్లమును కొలిచే విధానము కూడా మారింది. సూక్ష్మజీవి పెరుగుదలకు ఒకటి రెండు రోజులు వేచి చూడవలసిన పని నేడు అరగంటలోపు జరుగుతుంది. దీనికి వాడే పద్ధతులలో విద్యుత్ రసాయన కాంతి పద్ధతి ఒకటి. విద్యుత్తు ప్రభావముతో ఎలక్ట్రోడు వద్ద జరిగే రసాయన చర్య వలన కాంతి పుట్టుట దీనిలోని సూత్రము. 1972లో టోకెల్, బార్డ్ అను శాస్త్రజ్ఞులు రుథీనియం లోహపు బైపిరిడిల్ సంక్లిష్టము ఈ విధముగా కాంతినిస్తుందని ప్రకటించారు. ప్రయోగశాలలోని యంత్రములో ఫోలేటును పట్టుకొనే మాంసకృత్తికి రుథీనియమును తగిలిస్తారు. రక్తములోని ఫోలేట్, యంత్రములో కలిపిన గుర్తు గల ఫోలేట్ రెండూ ఆ మాంసకృత్తి కోసము పోటీపడతాయి. గుర్తు గల ఫోలేటుతో చేరిన భాగమును అయస్కాంత కణాలు ఎలక్ట్రోడు పైకి చేరుస్తాయి. ట్రైప్రొపైలమిన్ సమక్షములో విద్యుత్ పీడనము కలిగించగానే నారింజ-ఎరుపు కాంతి వెలువడుతుంది. రక్తములో ఫోలేట్ ఎక్కువ ఉంటే కాంతి తగ్గుతుంది, తక్కువ ఉంటే కాంతి పెరుగుతుంది. బయటి దీపము అక్కరలేదు గనుక వెనుక వెలుతురు ఉండదు. అందుచేత మిల్లీలీటరుకు కొద్ది నానోగ్రాముల ఫోలేటును కూడా నమ్మకముగా కొలవవచ్చు.

తెలుగు నాట నిత్యజీవితములో

కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాల ప్రభుత్వ వైద్యశాలలలోను, చుట్టుపక్కల గ్రామాలలోను గర్భిణీలకు ఇచ్చే ఇనుము మాత్రలలో ఫోలిక్ ఆమ్లము కూడా ఉంటుంది. రక్తహీనతను తగ్గించుటకు ఇది ఇనుముతో కలిసి పనిచేస్తుంది. గర్భము ధరించుటకు ముందు నుండి, తొలి వారాలలో ఫోలిక్ ఆమ్లము తీసుకొంటే శిశువు వెన్నుపాములో లోపాలు చాలావరకు నివారింపబడతాయని 1991లో ప్రకటించిన బ్రిటిష్ పరిశోధన నిరూపించింది.

ఈ ప్రాంతములో వరి, మొక్కజొన్న, చెరకు పండించే రైతులు భూసార పరీక్షకు మట్టిని పంపినప్పుడు, అందులోని భాస్వరమును తేల్చేది కూడా మాలిబ్డినం నీలిరంగే. మట్టికి వాడే క్షయకరణి వేరైనా సూత్రము ఒక్కటే. ఎంత ఎరువు వేయవలెనో ఆ రంగు చెబుతుంది. రక్తపరీక్ష చీటీలో ఫాస్ఫరస్ అని వ్రాసి ఉన్న అంకె వెనుక కూడా ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలయిక ఉంటుంది.

మెట్రిక్యులేషను రెండు సార్లు తప్పిన విద్యార్థి, తక్కువ పట్టా పొందిన వైద్యుడు, రాత్రి పూట ఆసుపత్రి పనివాడు అయిన సుబ్బారావు తన పేరు కంటె ముందుగా తన మందులను ఇంటింటికీ చేర్చాడు. గర్భిణీ మ్రింగే మాత్రలోను, బోదకాలు నివారణ మాత్రలోను, ల్యుకేమియా నుండి కోలుకొన్న పిల్లవాని చికిత్సలోను ఆయన కృషి ఉన్నది.